గుడారం మారిన రోజు

"ఇవాళ అతిథుల్ని నువ్వే తీసుకెళ్ళు. నేను వెనకాల కూర్చుంటా," అంటూ దీఫల్లా జీపు తాళాలు తమ్ముడి ఒళ్ళోకి విసిరాడు.

సువైలం ఉలిక్కిపడ్డాడు. "నేనా? పొద్దుగుంకడం చూపించేది ఎప్పుడూ నువ్వే కదన్నా!"

"సూర్యుడేమన్నా నా సొంత ఆస్తా? నోరు మూసుకుని నడుపు."

జోర్డాన్ ఎడారిలోని వాదీ రమ్‌లో ఆ అన్నదమ్ముల పర్యాటక శిబిరానికి ఒకప్పుడు జీపులు చాలనంత జనం వచ్చేవాళ్ళు. ఇవాళ వచ్చింది ఒక్క పోలండ్ జంట. అవతలి లోయలో వాళ్ళ చిన్నాన్న కొడుకు మిజ్యద్ గాజు గుడారాలు వేసినప్పటి నుంచీ ఇంతే. అంతకుముందే బావి దగ్గర గొడవై దీఫల్లా అతని మొహం చూడడం మానేశాడు. దారిలో ఎదురుపడితే జీపు పక్కకి తిప్పేసేవాడు.

ఆ మిజ్యద్ దగ్గరే రేపు సువైలం పనిలో చేరబోతున్నాడు. పోయిన వారం కబురొచ్చింది. ఇంట్లో భార్య షమ్మాకి నెలలు నిండాయి. సరేనన్నాడు. అన్నకి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఇసుకతిన్నె మీద అతిథుల్ని కూర్చోబెట్టి, ఏ కొండ పేరేమిటో, ఏ కనుమలోంచి పూర్వం ఒంటెలు నడిచేవో చెప్పసాగాడు. మాట తడబడింది.

"గట్టిగా చెప్పరా! ఒంటెని దొంగిలించినవాడిలా గొణుగుతావేం?" వెనక నుంచి దీఫల్లా అరిచాడు.

సువైలానికి చెవులు వేడెక్కాయి. గొంతు పెంచాడు. ఎర్రటి ఇసుక చూస్తుండగానే బూడిద రంగుకి తిరిగింది. చలి మొదలైంది.

"మీ తమ్ముడు ఎంత బాగా చెప్తున్నాడో!" అంది పోలండ్ ఆవిడ.

"ఈ లోయలో వీడిని మించినవాడు లేడమ్మా," అన్నాడు దీఫల్లా.

ఆ మాట కంటే చెంపదెబ్బ నయమనిపించింది సువైలానికి.

శిబిరంలో నిప్పుల గుంత మీది ఇసుక కూడా అతన్నే తియ్యమన్నాడు అన్న. లోపల మగ్గిన మాంసం వాసన గుప్పుమంది. మంట చుట్టూ చాపలు పరిచి వడ్డించాక, దీఫల్లా తన పళ్ళెంలోని మెత్తటి ముక్క తీసి తమ్ముడి పళ్ళెంలో వేశాడు.

"నాకెందుకన్నా?"

"తిను. తండ్రివి కాబోతున్నావు. నిన్ను చూస్తే మేకలు కూడా జాలిపడుతున్నాయి."

ముక్కని పళ్ళెం అంచుకి జరిపాడు. అతిథులు ఫొటోలు తీసుకోవడానికి లేవగానే సువైలం తల దించుకుని చెప్పేశాడు.

"అన్నా, రేపటి నుంచి నేను రాను. మిజ్యద్ దగ్గర చేరుతున్నా."

టీ పోస్తున్న దీఫల్లా చెయ్యి ఆగింది. "వాడి దగ్గరా?"

"షమ్మా పరిస్థితి నీకు తెలుసు కదా. నేనింక..."

"అతిథుల టీ చల్లారిపోతోంది. ఇచ్చిరా."

అంతే. తిడతాడని ఎదురుచూశాడు సువైలం. తిట్టలేదు. మర్నాడు పొద్దున బయల్దేరేముందు అన్న గుడారం ముందు నిలబడి పిలిచాడు. లోపల దగ్గు వినిపించింది గానీ తెర తొలగలేదు.

అవతలి లోయలో మిజ్యద్ ఎదురొచ్చి కావలించుకున్నాడు. "ఏంరా, మొహం అలా వేలాడేశావు?"

"తప్పుగా అనుకోకు. నేను తిరిగి వెళ్ళిపోతా. అన్నకి వెన్నుపోటు పొడిచి ఇక్కడ అన్నం తినలేను."

"కూర్చో ముందు."

"నువ్వు నన్ను పిలవకుండా ఉండాల్సింది."

"నా అంతట నేనెక్కడ పిలిచాను?"

సువైలం తెల్లబోయాడు. మిజ్యద్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"చెప్పొద్దని మాట తీసుకున్నాడు. పోయిన వారం ఒక మనిషి నా గుడారానికొచ్చాడు. కాఫీ ఇస్తే తాగలేదు. అడిగింది ఇస్తానంటేనే తాగుతానని కప్పు కింద పెట్టాడు. నీకు పని ఇమ్మన్నాడు. కప్పులో కాఫీ చల్లబడినా కదల్లేదు. చివరికి నేనే సరేనన్నాను."

"ఎవరు?"

"మీ అన్న."