చూపు నంబర్లు

“నమస్కారమండీ, నేను...”

“మీ అద్దాలు జారుతున్నయి సార్. ఇటియ్యండి” అంటూ చెయ్యి చాచింది ప్రభావతి.

నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కన ఆమెది కళ్లద్దాల షాపు. ఎదుటి మనిషి ముక్కు మీద అద్దాలు వదులుగా కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు.

యాభై దాటిన ఆ పెద్దమనిషి నవ్వి, అద్దాలు తీసిచ్చాడు.

“జర పరేషాన్ల ఉన్న సార్” అంది స్క్రూ బిగిస్తూ. “పదకొండింటికి కంప్యూటర్ కంపెనీ ఆయన వస్తడంట. ఇరవై ఏండ్ల గిరాకీల చూపు నంబర్లన్నీ ఈ రిజిస్టర్లల్లనే ఉన్నయి. డేటాబేస్ పెట్టిస్తే మంచిదంటున్నరు. వాళ్లేమో ఏడాదికి డెబ్బై వేలంటున్నరు.”

ఆయన బల్ల మీదున్న కొటేషన్ చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

“దాంతో మీకు ఏం పని జరగాలండీ?”

“ఫోన్ నంబర్ కొడితే చూపు నంబర్ రావాలె. ఏడాదైనంక మళ్ల పరీక్షకు రమ్మని మెసేజ్ పోవాలె. అంతే.”

“కంప్యూటర్ ముందు ఎంతమంది కూర్చుంటారు?”

“నేనొక్కదాన్నే.”

“ఇది వందమంది ఒకేసారి వాడుకునేది. పది బ్రాంచీల వివరాలు ఒకేచోట చూపిస్తుంది. మీకు ఇంకో షాపుందా?”

“ఇదొక్కటే. అదీ కిరాయిదే!” ఫక్కున నవ్వింది ప్రభావతి.

ఆయన కుర్చీ లాక్కుని ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

“ఊరికే దొరికే డేటాబేస్‌లున్నాయి. మీ పనికి అవి చాలు.”

“ఉత్తగ వచ్చేది ఖరాబైతే?”

“అదే చిక్కు. పిలిస్తే పలికే కంపెనీ ఉండదు. అశోక్‌నగర్‌లో నాగేందర్ అని ఉన్నాడు, పని బాగా తెలిసినవాడు. అతనికిచ్చేదంతా కలిపినా ఏడాదికి పదివేలు దాటదు. రోజూ షాపు మూసేముందు ఒక కాపీ తీసి ఇంటికి పట్టుకెళ్లండి.”

గంటసేపు ఓపిగ్గా అన్నీ చూపించి, నాగేందర్ నంబర్ రాసిచ్చి లేచాడు.

“మరి ఆ కంపెనీ ఆయన వస్తే?”

“వద్దని చెప్పండి. ఏమీ అనుకోడు.”

ఆయన వెళ్లాక గానీ పేరడగలేదని గుర్తురాలేదు ఆమెకు. ఆయనెవరని నాగేందర్‌నడిగితే, “నా నంబర్ మస్తుమంది దగ్గర ఉంటదక్కా” అన్నాడు.

రెండు వారాల్లో పనైపోయింది. చిక్కడపల్లి నుంచి ఒకావిడ అద్దాలు పోగొట్టుకుని తడుముకుంటూ వస్తే, ఫోన్ నంబర్ కొట్టగానే చూపు నంబర్ తెర మీద కనిపించింది. ప్రభావతికి కడుపు నిండినట్టయింది.

నెల తిరిగాక సంయుక్త అనే అమ్మాయి ఆ కంప్యూటర్ కంపెనీ బ్యాగుతో వచ్చింది.

“ఇదివరకు ఇటు తిరిగే ఆయన మానేశారు మేడం. ఈ ఏరియా నాకిచ్చారు.”

“అప్పుడు మీ కంపెనీ నుంచి ఎవ్వరు రానేలేదమ్మా. మంచిదే అయింది. ఎవరో మహానుభావుడు, నా పని తేల్చిపోయిండు.”

ఆ అమ్మాయి ఫోన్‌లో ఏదో వెతికి, తలెత్తింది.

“వచ్చారే మేడం... ఆ రోజు పదకొండింటికి మా మురళీకృష్ణ గారు మీ కంప్యూటర్ దగ్గరే గంటసేపు కూర్చుని, ‘వీరికి మన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు’ అని రిపోర్టు రాశారు.”