వెండి మీద మచ్చ

గుమ్మానికి పసుపు రాయాలి. ఇత్తడి కుందులు చింతపండుతో తోమాలి. వెండి పళ్ళెం, గిన్నెలు విభూతితో రుద్దాలి. అగరొత్తులు వెనక డెక్ మీదే వెలిగించాలి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. పైన గదులన్నీ దులపాలి, మనవరాలు వేద గది తప్ప.

"వేద గది అలాగే ఉండనివ్వండి అత్తయ్యా," అంది రాగిణి ఫోన్‌లో, ఆఫీస్ పార్కింగ్ నుంచి.

"తెలుసులేమ్మా," అంది బాలమణి.

అమెరికాలో క్యారీ ఊళ్ళో ఉన్న కొడుకింటికి ఆమె వచ్చి వేసవి దాటింది. పోయినేడు ఈ ఇంట్లో దీపావళి జరగలేదు. ఈసారి జరగాలని ఆమె పట్టు. ఇంకో పట్టు కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. కొడుకు కృష్ణమోహన్ ముఖంలో ఒక్కసారి నవ్వు చూడాలి.

"లక్ష్మీదేవి ముందు పెట్టడానికి వెండి నాణెం ఒకటి కావాలే."

"మీ అబ్బాయి దగ్గర లేనిదేముంది? సేఫ్ నిండా అవేగా. కాకపోతే అన్నీ ప్లాస్టిక్‌లో సీల్ చేసినవి. తీస్తే ఊరుకోడు."

"సీల్ లేనిది ఒకటుంది కదా. సొరుగులోది. మచ్చది."

"ఆ అమెరికన్ సిల్వర్ ఈగల్ నాణెమా? మచ్చ పడింది, దానికి రేటు రాదని తనే అన్నాడు. కాయిన్ షాపతను మందులో ముంచి మచ్చ తీసేస్తానన్నాట్ట. తను ఒప్పుకోలేదు."

"ఎందుకట?"

"మందులో ముంచితే మెరుపు చస్తుందట. వాళ్ళ పట్టింపులు మనకేం తెలుస్తాయి?"

"మందులెందుకే తల్లీ, చిటికెడు విభూతి చాలు."

"తనని అడిగి చేయండి."

"అడిగితే ఇక పండగ కానుక ఎలా అవుతుంది?"

రాగిణి నవ్వింది. "సరే, మీరూ మీ అబ్బాయీ. నాకు మీటింగ్ ఉంది."

బాలమణి సొరుగు తెరిచింది. భూతద్దం, తెల్లటి కాటన్ గ్లవ్స్ రెండు జతలు, గుండ్రటి డబ్బాలో నాణెం. గ్లవ్స్‌లో ఒక జత పెద్దది, ఒకటి చిన్నది. చిన్న జతను మడత చెడకుండా పక్కన పెట్టింది.

నాణెం మీద 2016 అని ఉంది. ఒకామె చేయి చాపి నడిచి వస్తోంది, పక్కన సూర్యుడు ఉదయిస్తున్నాడు. కమలం ఒక్కటే లేదు గాని, అచ్చం అమ్మవారే అనుకుంది బాలమణి. ఆ సూర్యుడి మీదే మచ్చ. చిక్కుడు గింజంత ఉంది, గోధుమ రంగు, లోపల సన్నటి గీతలు.

రోజూ పొద్దున కొడుకు ఈ మచ్చనే చూస్తాడు. కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోడు. కిటికీ దగ్గర నిలబడి, నాణేన్ని అంచులు పట్టుకుని, ఊపిరి కూడా తగలకుండా భూతద్దంలోంచి చూస్తాడు. రెండో వైపు ఎప్పుడూ తిప్పడు. చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని ఆఫీస్‌కి వెళ్తాడు.

ఇంత వెండికి ఇంత దిగులేమిట్రా అని ఆమె ఒకసారి అనబోయి ఆగింది. ఈ ఇంట్లో బాగు చేయలేనివి ఉన్నాయి. ఈ మచ్చ బాగు చేయొచ్చు.

మెత్తటి గుడ్డ తీసుకుని, విభూతి అద్ది, చంటిపిల్ల మొహం తుడిచినంత నెమ్మదిగా రుద్దింది. గుడ్డ నల్లబడింది. సూర్యుడు బయటికొచ్చాడు.

సాయంత్రం కృష్ణమోహన్ బూట్లు విప్పుతుండగానే ఆమె రెండు పిడికిళ్ళు ముందుకు చాపింది.

"ఏ చేతిలో ఉందో చెప్పు."

"ఏమిటమ్మా ఇది, చిన్నపిల్లలాగా?"

"చెప్పరా."

అతడు ఎడమ చేయి తట్టాడు. అతడి పెదవి చివర ఏదో కదిలింది. ఆమెకు అదే చాలనిపించింది. పిడికిలి తెరిచింది.

అతడు నాణేన్ని చూశాడు. సొరుగు దగ్గరికి పరుగెత్తాడు. డబ్బా ఖాళీగా ఉంది. తల్లి చేతిలోంచి నాణెం తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంలోంచి చూశాడు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

అప్పుడే రాగిణి వచ్చింది. "ఏమైంది?"

"మచ్చ పోగొట్టానే," అంది బాలమణి. "మెరుపు గాని పోయిందా నాన్నా? గీతలు పడ్డాయా?"

అతడు తల అడ్డంగా ఊపాడు.

"ఇంకోటి ఆర్డర్ చేద్దాం," అంది రాగిణి. "అదే సంవత్సరంది దొరుకుతుందిగా?"

"దొరుకుతుంది."

"మరి ఎందుకు ఇలా అయిపోతున్నావు? విలువ లేదని నువ్వే అన్నావు."

"అమ్మితే లేదన్నాను."

బాలమణి అతడి పక్కన కూర్చుంది. "ఆ మచ్చ చూసే కదరా రోజూ కుమిలిపోతున్నావు. అది పోతే నవ్వుతావనుకున్నాను. అంతే నాన్నా."

అతడు తల్లి చేతులు పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లో ఇంకా విభూతి ఉంది.

"నీ తప్పు కాదమ్మా. నేనే ఎవరికీ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"తుడిచిన గుడ్డ ఏది?"

ఆమె సింక్ పక్క నుంచి తెచ్చిచ్చింది. అతడు దాన్ని విదల్చలేదు. నల్లటి పొడి రాలకుండా నాలుగు మడతలు పెట్టి, ఆ చిన్న గ్లవ్స్ జత కింద దాచాడు.

"మన వేద పోయాక మిగిలిన వేలిముద్ర అదొక్కటేనమ్మా."