నవ్వించే దోస్తు

మహబూబ్‌నగర్‌లో మాట్నీ వదిలారు. హాలు గేటు దగ్గర యూట్యూబ్ చానల్ పిల్ల మల్లేష్ ముందు మైకు పెట్టింది. "సినిమా ఎట్లుందన్నా?"

"నవ్వి నవ్వి సచ్చినం" అన్నాడు మల్లేష్.

కీమోతో జుట్టు రాలిన తల మీద టోపీ సర్దుకుంటూ, పక్కనున్న దోస్తు డానిష్ ఆ మైకు గుంజుకున్నాడు.

"ఏం మంచిగ లేదు. సావబోయేటోని పక్కన దోస్తు సినిమా మొత్తం జోకులేస్తనే ఉన్నడు. భయమైతాందా అని ఒక్కపారి గూడ అడగలే."

"కామెడీ సినిమా గదన్నా" అంది ఆ పిల్ల.

"సినిమాల నడుస్తది." డానిష్ మల్లేష్‌ను చూపించాడు. "వీడు దవాఖానల గూడ గదే నడిపిస్తున్నడు."

మల్లేష్ వెళ్లి బండి తీశాడు. నోటిదాకా వచ్చిన ఇంకో జోకును మింగేశాడు.

"భయమైతాందారా?"

డానిష్ వెనక కూర్చుని అతని భుజం పట్టుకున్నాడు.

"జర మెల్లగ తోలు. చెప్త."