తలుపు వెడల్పు

"ఈ తలుపు ఎంత వెడల్పు ఉంటుందన్నా?" అని ఒంబాటి అడిగాడు.

తేయాకు రైతుల సంఘం హాలు తాళాలు మొమాన్యి దగ్గర ఉంటాయి. పాతికేళ్లుగా ఆ హాలును పెళ్లిళ్లకూ మీటింగులకూ అద్దెకిచ్చేది అతనే. ఎంతమంది పడతారని అందరూ అడుగుతారు. తలుపు వెడల్పు అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"రెండు రెక్కలూ తీస్తే ఆరడుగులు. ఏం, ఏనుగును గానీ తెస్తున్నావా?"

"పెళ్లికూతురి బండి గుమ్మం దాకా రావాలి. మెట్లు ఉండకూడదు."

"ఓహో, ఊరేగింపా! కిందటి నెల ఒకడు ట్రాక్టర్ మీద దిగాడులే. అందరికీ ఫొటోల పిచ్చి పట్టుకుంది. మెట్లు లేవు, గుమ్మంలోనే ఆపుకో. ఎప్పటికి కావాలి?"

"రేపు. పది నుంచి పదకొండు."

"రాత్రి పదకొండా?"

"కాదన్నా. ఒక్క గంట చాలు."

మొమాన్యి నవ్వాడు. "గంటలో పెళ్లేంటయ్యా? మనవాళ్ల ప్రార్థనకే గంట పడుతుంది. పాటగాళ్లు ఎంతమంది?"

"పాటలు లేవు."

"మైకు?"

"వద్దు."

"ఇంతోటి దానికి హాలెందుకు? చర్చిలోనే కానిచ్చేయకపోయావా?"

"పాస్టర్ ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్లు కలిసి ఉన్నారు, ఏడేళ్ల కూతురుంది, పెళ్లి సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా అన్నాడు. చర్చి తలుపు మాత్రం తీయనన్నాడు. వేరేచోటైతే వచ్చి నాలుగు మాటలు చదువుతాడట."

ఉదయం నుంచి ఇది మూడో హాలు. మొదటి రెండుచోట్లా ఒంబాటి ఉన్న సంగతంతా చెప్పాడు. రెండుచోట్లా కుదరదన్నారు. ఇక్కడ అడిగినదానికే జవాబు చెబుతున్నాడు.

మొమాన్యి పుస్తకం తెరిచి పేరు రాసుకున్నాడు. "పన్నెండింటికి సంఘం మీటింగు ఉంది. ఆలోపు ఖాళీ చేయాలి. అవునూ, పెళ్లికూతురు వచ్చి చూసిందా? ఆడవాళ్లకు చూపించకుండా ఖాయం చేస్తే బతికినన్నాళ్లూ దెప్పుతారు."

"తను ఏమీ అనదు."

"అదృష్టవంతుడివి."

హాలుకు ఎదురుగా, రోడ్డు దాటితే బోసిబోరి నడిపే లాడ్జి. పెళ్లికూతురు కెరుబో పెదనాన్న న్యాకుండి అప్పటికే అక్కడికి చేరుకున్నాడు. కెరుబో తండ్రి లేడు. ఆ ఇంటి తరఫున మాట ఆయనదే. సాయంత్రానికి బస్సులో ఇరవై ఆరుమంది వస్తున్నారు. రాత్రికి ఇక్కడే పడుకుని పొద్దున్నే హాలుకు వెళతారు. న్యాకుండి గది గదికీ వెళ్లి పరుపులు అరచేత్తో నొక్కి చూస్తున్నాడు.

"ఇది పరుపా, మొక్కజొన్న బస్తానా?"

"మొన్న ఎంపీ గారి మనుషులు పడుకున్నారు పెద్దాయనా," అంది బోసిబోరి. "వాళ్ల నడుములు బాగానే ఉన్నాయి."

"వాళ్లు తాగి పడుకుంటారు. మావాళ్లు తాగరు. నలుగురు ముసలమ్మలున్నారు, వాళ్లకి కింది గదులివ్వు. వేడినీళ్లు పెట్టించు."

"పెట్టిస్తాలే. పెళ్లివాళ్లను చన్నీళ్లతో పంపిస్తానా?"

న్యాకుండి గదిలోకి వచ్చిన ఒంబాటి వైపు తిరిగాడు. "హాలు దొరికిందా?"

"దొరికింది మామా."

"మామా అని రేపు పిలుద్దువుగాని. చూడు ఒంబాటీ, కన్యాశుల్కంగా ఆవుల్ని తోలావు, కాదనను. మన ఆచారంలో ఆవులొక్కటే చాలవు. నలుగురిలో మా కెరుబో వేలికి ఉంగరం తొడుగు. అప్పుడే తను నీ నేలకొస్తుంది. అప్పుడే కెముంటో నీ కూతురు. లేదంటావా, రేపు మధ్యాహ్నం తల్లినీ పిల్లనీ ఇద్దరినీ మాతో తీసుకుపోతాం."

"తెలుసు మామా."

"కెముంటోకి మా ఊరి బడి యూనిఫాం కూడా కొనేశాను. కాస్త వదులుగా ఉంటుంది. పెరిగే పిల్లేగా."

ఒంబాటి మంచం అంచున కూర్చున్నాడు. ఏటా అక్టోబరులో తేయాకు బోనస్ రాగానే పెళ్లి చేసుకుందామని అతను కెరుబోతో అనేవాడు. బోనస్ వచ్చేది. ఒక ఏడు పైకప్పు రేకులు కొన్నాడు. ఒక ఏడు ఆవు ఈనలేక చస్తే ఇంకో ఆవును కొన్నాడు. ఆరో ఏడు కెరుబో అడగడం మానేసింది. కెముంటోని తన తమ్ముడి ఇంట్లో వదిలి నాలుగు రోజులైంది. ఎప్పుడొస్తావు నాన్నా అని పొద్దున ఫోనులో అడిగింది. తనను తీసుకెళ్లేది ఎవరో అప్పటికింకా తేలలేదు.

"కొత్త జంటకి మేడ మీద గది ఊరికే ఇస్తాను తమ్ముడూ," అంది బోసిబోరి. "రేపు రాత్రికి ఉండిపోండి. పూల దుప్పటి పరిపిస్తాను."

"వద్దక్కా. మధ్యాహ్నానికే ఇంటికి తీసుకెళ్లాలి."

"ఇన్నాళ్లూ ఆ ఇంట్లోనేగా పడి ఉంది! ఒక్క రాత్రి ఇక్కడుంటే ఏం పోయింది? మగాళ్లకి ఇలాంటివి తోచవు. నువ్వైనా చెప్పు పెద్దాయనా."

న్యాకుండి నలగని దుప్పటిని రెండుసార్లు సరిచేశాడు. తర్వాత బయటికి నడిచాడు. ఒంబాటి వెనకే వెళ్లాడు.

న్యాకుండి రోడ్డు దాటి హాలంతా కలియతిరిగాడు. రెండు తలుపు రెక్కలూ తీయించి, గుమ్మం ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు వేసి చూశాడు. మొమాన్యి పుస్తకంలో పెళ్లికూతురి పేరు కెరుబో అని ఉందో లేదో చదివించుకుని విన్నాడు.

"సరే," అన్నాడు చివరికి. "మా పిల్లకి తగినట్టే ఉంది. రేపు పదకొండింటికి ఆ యూనిఫాం తిరిగి కొట్లో ఇచ్చేస్తా. కెముంటోని నువ్వే పెంచుకో."

ఒంబాటి ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

న్యాకుండి బస్సుకు ఎదురెళ్లాడు. ఒంబాటి హాలు గోడ నీడలో నిలబడి పాస్టర్‌కి ఫోన్ చేశాడు. పదింటికి వస్తానని పాస్టర్ మాటిచ్చాడు.

తర్వాత మార్చురీకి ఫోన్ చేసి, తొమ్మిదింటికల్లా కెరుబోను సిద్ధం చేయమన్నాడు.