ఇచ్చిన మాట

ఏడుపు మళ్లీ మొదలైంది.

పల్లవి చేతిలోని జర్మన్ పుస్తకం మూసేసింది. మిట్టమధ్యాహ్నం. మహబూబాబాద్‌లో ఆ వేళకు వీధులన్నీ సద్దుమణుగుతాయి. గోడలోంచి వస్తున్నట్టు, సన్నగా, ఆగి ఆగి, పసిపిల్ల ఏడుపు.

"అమ్మా, ఏడుస్తున్నది. నీకు ఇనొస్తలేదా?"

బియ్యం ఏరుతున్న సత్తెమ్మ తలెత్తలేదు. "ఇనకు బిడ్డా. నువ్వు ఇంటుంటే పాలు ఎండయి."

చేట పక్కన పెట్టి, లేచి, టీవీ సౌండు పెంచింది.

ఇంట్లో తల్లీ కూతుళ్లు ఇద్దరే. పల్లవి భర్త గోపాల్‌కు భూపాలపల్లి బొగ్గు గనిలో పని. ఆదివారాలు వచ్చి పోతాడు. పల్లవి ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. కాన్పుల వార్డులో ఎందరి బిడ్డలనో అందరికంటే ముందు చేతుల్లోకి తీసుకున్న మనిషి. తన బిడ్డ మాత్రం తొట్టెల కట్టకముందే ఆ చేతుల్లోంచి పోయింది.

ఆ రోజు చెల్లెలు సౌమ్య ఆమె కాళ్ల మీద పడి ఏడ్చింది. గోపాల్ ఎవరి మొహమూ చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో బిడ్డ ఊసు ఎవరూ ఎత్తలేదు. తిరిగి డ్యూటీలో చేరితే, కొన్నాళ్లు కాన్పుల వార్డు వద్దులెమ్మని ఆమెను బీపీలు చూసే చోట కూర్చోబెట్టారు.

పాలకు మాత్రం ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. అవి ఎండిపోవాలని సత్తెమ్మ మల్లెపూలు గుచ్చి రొమ్ములకు కట్టేది. అయినా ఏడుపు వినబడితే చాలు, రవికె తడిసిపోయేది. గది నిండా మల్లెల వాసన, దాని కిందనే పచ్చిపాల వాసన.

"అయిందేదో అయింది. మనసు జర్మనీ మీద పెట్టు," అనేవాడు గోపాల్ ఫోన్లో. అక్కడ నర్సు ఉద్యోగం పెళ్లైనప్పటినుంచీ ఇద్దరూ కంటున్న కల. భాష పరీక్ష గట్టెక్కితే ఇక ప్రయాణమే.

పాఠాలు చెప్పే ప్రమీల మేడం రోజూ జనగామ నుంచి రైల్లో వచ్చేది. జర్మనీలో కొన్నేళ్లు ముసలివాళ్లకు సేవ చేసి తిరిగొచ్చిన నర్సు. ఇంగ్లీషు, జర్మను ఒక తల్లి పిల్లలని, మొదటి అక్షరాలు కలిసిన మాటలను పట్టుకుంటే సగం భాష వచ్చేసినట్టేనని ఆమె నమ్మకం. ఇక్కడ హ్యాండ్, అక్కడ హాండ్. ఇక్కడా ఫింగరే, అక్కడా ఫింగరే. అమ్మాయిలు సంబరపడేవాళ్లు.

"గిఫ్ట్ కాడ మాత్రం జాగ్రత్త," అన్నది ఒకరోజు.

ఇంగ్లీషులో అది బహుమతి. అవే అక్షరాలు జర్మన్‌లో విషం. రెండూ 'ఇవ్వడం'లోంచే పుట్టాయట. మొదట్లో అక్కడ కూడా ఇచ్చేది అనే అర్థమే. రోగికి ఇచ్చే మందు మోతాదునూ అట్లాగే అన్నారు. పోను పోను మంచి అర్థం రాలిపోయి విషం మిగిలింది.

వెనక బెంచీలోంచి పల్లవి అడిగింది. "విషం ఎవరికి మేడం? ఇచ్చినోళ్లకా, తీస్కున్నోళ్లకా?"

అమ్మాయిలు నవ్వారు. ప్రమీల మాత్రం నవ్వకుండా బోర్డు తుడిచింది. 

మర్నాడు ఇంకో జత. ఇంగ్లీషులో కైండ్ అంటే దయ. అవే అక్షరాలతో జర్మన్‌లో కిండ్ అంటే బిడ్డ. రెండింటికీ మూలం పుట్టుకేనట. ఒక కడుపున పుట్టినవాళ్ల మీద ఉండేదే దయ అని వెనకటివాళ్లు అనుకున్నారట. అందరూ రాసుకుంటుంటే పల్లవి ఊరికే కూర్చుంది. దయ, బిడ్డ అని పెదవులతో అనుకుంది.

ఆ తర్వాత స్టిల్. కదలకుండా, చప్పుడు చేయకుండా ఉండటం. పల్లవికి ఆ ఇంగ్లీషు మాట బాగా తెలుసు. ప్రాణం లేని బిడ్డ పుడితే కాన్పుల వార్డులో 'స్టిల్‌బర్త్' అని ఆ మాటతోనే రాస్తారు. ఆమె పెన్ను ఆగిపోయింది.

"జర్మన్ల దీన్నుంచే ష్టిలెన్ అని ఒక మాట వచ్చింది," బోర్డు మీద రాస్తూ చెప్పింది ప్రమీల. "అంటే ఊకుంచుడు. ఏడ్చే బిడ్డను ఎట్ల ఊకుంచుతం? పాలిచ్చి. అందుకే అక్కడ తల్లి పాలిచ్చుడుకు గిదే మాట."

పల్లవి లేచి నిలబడింది. చున్నీని రొమ్ముల మీదికి లాక్కుంది. ఎక్కడికని ప్రమీల అడుగుతున్నా వినకుండా మెట్లు దిగి ఆటో ఎక్కింది.

గేటు తీసేసరికే ఏడుపు వినబడుతోంది. ఈసారి ఆమె చెవులు మూసుకోలేదు. చెప్పులు కూడా విడవకుండా ఇంట్లోకి వచ్చి, నేరుగా వెనక తలుపు వైపు నడిచింది. సత్తెమ్మకు అర్థమైపోయింది. గబగబా వచ్చి అడ్డం నిలబడింది.

"పోకు బిడ్డా. ఆ దిక్కు ఒక్కసారి పోతే మళ్ల ఇటు రాలేవు."

"అది నన్నే పిలుస్తున్నది అమ్మా."

తల్లి చాచిన చేతులు వాటంతటవే కిందికి వాలాయి.

పెరట్లో ఎండ మండిపోతోంది. పిట్ట చప్పుడు కూడా లేదు. పల్లవి గోడ పొడుగునా నడుస్తుంటే ఏడుపు లోపలినుంచి ఆమెతో పాటే నడిచింది. అడుగడుక్కీ పెరిగింది. డ్రెస్సు తడిసి చున్నీ దాకా వచ్చింది. గోడ మలుపు తిరిగింది. అక్కడ పక్క వాటా తలుపు, మూసి ఉంది. కొట్టాలని చెయ్యెత్తింది గానీ కొట్టలేకపోయింది. లోపల అడుగుల చప్పుడైంది. గడియ కదిలింది.

తలుపు తీసిన చెల్లెలు సౌమ్య, నీకు పిల్లల్లేరు, నీ బిడ్డగానే పెంచుకొమ్మని పల్లవి తన చేతులతో ఆమె ఒడిలో పెట్టిన పసిదాన్ని భుజానికి గట్టిగా హత్తుకుని, "ఊకో తల్లీ, ఎవరొచ్చిన్రో చూడు, మీ పెద్దమ్మ," అన్నది.