కోచ్ కుర్చీలో శశికళ

"ఇక చాలు రేకా, తప్పుకో. ఇరవై ఏడేళ్లకి నాలుగువందల ముప్ఫయ్యో ర్యాంకు! బుడాపెస్ట్ వచ్చేసి పిల్లలకి నేర్పు."

కోచ్ బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మొదటి సెట్ పోయింది. రెండో దాంట్లో రేకా మూడు గేములు వెనకబడి ఉంది.

అమెరికాలోని నోవైలో టోర్నమెంట్ జరిగే వారమంతా ఈ హంగరీ అమ్మాయికి తన ఇంట్లో చోటిచ్చిన శశికళ, కూతురు సాన్వితో కలిసి మ్యాచ్ చూస్తోంది. రేకా ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆ కోచ్ కుర్చీలో మీరు కూర్చోండి."

"నాకు గేమ్ తెలీదమ్మా. స్కోర్ కూడా అర్థం కాదు."

"అయితే నేను ఓడిపోతున్నానని మీకు తెలీదా?"

"నువ్వింకా ఆడుతున్నావుగా!"

రేకా రాకెట్ తీసుకుని కోర్టులోకి నడిచింది. శశికళ ఆ కుర్చీలో కూర్చుని ప్రతి బంతికీ చప్పట్లు కొట్టింది, వలకు తగిలిన బంతులకు కూడా. రేకా రెండో సెట్ లాగేసుకుంది. మూడోదీ గెలిచింది. ఆ వారం టైటిల్ ఆమెదే. రెండేళ్లలో తొలి వందమందిలోకి చేరింది.

న్యూయార్క్‌లో తొలి పెద్ద గెలుపు తర్వాత టీవీలో అంది: "అందరూ నేను అయిపోయానన్న రోజున, స్కోరు తెలియని ఒక ఆంటీ నా పక్షాన కూర్చుంది."

ఇంట్లో అమ్మతో కలిసి అది చూస్తున్న సాన్వి సోఫాలోంచి లేచింది.

"అమ్మా, సిక్స్ ఇయర్స్ నన్ను టెన్నిస్ క్లాస్‌కి డ్రైవ్ చేశావ్. నీకు స్కోర్ తెలీదా?"

"ఎందుకు తెలీదు? ఓడిపోతున్నావని చెప్పేవాళ్లు ఆ పిల్లకి అప్పటికే ఎక్కువయ్యారు."