పూజారి షరతు

కర్నూలులోని ఒక ఇంటర్నెట్ సెంటరులో ఊడ్చే ముసలి దాసన్న వైరు కదిపి, ఆట మధ్యలో తెరను ఒక్క క్షణం ఆర్పినందుకు, అతని ముఖాన్ని హర్షవర్ధన్ గోడకేసి కొట్టాడు. దాసన్న ముక్కు చిట్లి కూలబడ్డాడు. తక్కినవాళ్లు తెరల మీది నుంచి చూపు తిప్పలేదు.

"యాడ చూస్తాండావు ఎస్తేరూ? రాక్షసుడు మీద పడినాడు, మంత్రం వెయ్యి!"

ఆటలో హర్ష యోధుడు. పక్క కుర్చీలోని ఎస్తేరు అత్యున్నత స్థాయికి చేరిన పూజారి. ఆమె మంత్రం వేస్తేనే అతని గాయాలు మానుతాయి, చచ్చినా మళ్లీ లేస్తాడు.

ఎస్తేరు మౌసు మీది నుంచి చెయ్యి తీసింది.

"ముందు తాతకు తప్పయిందని చెప్పు."

"ఆ ముసలోనికా? పిచ్చి పట్టిందా నీకు?"

రాక్షసుడి గొడ్డలి యోధుడి భుజాన్ని నరికింది, ఆపైన మెడను. తెర ఎర్రబడింది.

"సంపేసినావు గదే! బిన్నా లేపు. ఆలస్యమైతే ఏడాదిగా గెల్చిన ఆయుధాలన్నీ పోతాయి. నీకు దండం పెడతా!"

ఎస్తేరు తన చున్నీని దాసన్న ముక్కుకు అదిమింది.

"నిన్ను నేను లేపుతా. ఈయన్ను పడేసింది నువ్వు. నువ్వు లేపు."

హర్ష పళ్లు కొరుకుతూ చెయ్యి చాచాడు.

దాసన్న ఆ చేతినే చూశాడు.

"వద్దులేప్పా," అని గోడ పట్టుకొని, తనంతట తానే లేచాడు.

తెర మీద యోధుడు లేవలేదు.